రాలిన మామిడాకు కింద నల్లుల కాపురం

తొలకరి పడి ఆరుద్ర కార్తె వచ్చిందంటే చేలగట్ల మీద, తోటల్లో ఎర్రటి మఖమలు ఒంటితో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా పడి ఉంటాయి. పిల్లలు అగ్గిపెట్టెల్లో వేసుకుని తిరుగుతారు. కార్తె మారేసరికి వెతికినా ఒకటి దొరకదు. మరి మిగతా ఏడాదంతా అవి ఎక్కడుంటాయి?

మట్టిలోనే ఉంటాయి. కాళ్లు లెక్కపెట్టి చూడండి, ఎనిమిది. కీటకాలకు ఆరే. ఆరుద్ర పురుగు సాలీళ్లకు, తేళ్లకు చుట్టమైన నల్లి జాతిది. చిన్నప్పుడు కీటకాల ఒంటిని పట్టుకుని రసం పీల్చి బతుకుతుంది. ఎదిగాక మట్టిలోకి దిగి కీటకాల గుడ్లనూ మెత్తటి పురుగులనూ తింటుంది. వాన తడికి నేల మెత్తబడినప్పుడు మాత్రం పైకి వచ్చి నాలుగు రోజులు తిరుగుతుంది. సెంటీమీటరు దాకా పెరుగుతుంది కనుక మన కంటపడింది. నల్లుల్లో అది మహాకాయం.

దాని చుట్టాలే అదే తోటలో, అదే చెట్టు కింద, చదరపు మీటరు నేలలో వేల సంఖ్యలో ఉంటాయి. ఆకు దట్టంగా రాలి కుళ్లే అడవి నేలల్లో ఆ లెక్క లక్ష దాటడం మామూలే. చాలావాటి పొడవు అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందుకే తోట యజమాని ముప్పై ఏళ్లు ఆ మట్టిని తొక్కి తిరిగినా వాటిని చూసి ఉండడు.

రైతుకు తెలిసిన నల్లులు వేరు. మిరపలో ఆకు ముడిచే నల్లి, బత్తాయి కాయకు మంగు పట్టించే నల్లి, కొబ్బరి కాయను గీరే ఇరియోఫిడ్ నల్లి, వంగ మీద గూడు అల్లే ఎర్రనల్లి. అన్నీ నష్టం చేసేవే, అన్నిటికీ కొట్లో మందుంది. కానీ ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన నల్లి జాతులు యాభై వేల పైచిలుకు. పైరు రసం పీల్చేవి అందులో కొంత భాగమే. మట్టిలో కాపురముండే నల్లుల్లో అత్యధికం పచ్చని ఆకు జోలికే రావు.

దాక్కున్నదాన్ని రప్పించే గరాటు

పిడికెడు మట్టిలో నల్లిని వేళ్లతో ఏరడం అయ్యే పని కాదు. 1905లో ఇటలీ కీటక శాస్త్రవేత్త ఆంటోనియో బెర్లీసె దీనికో ఉపాయం కనిపెట్టాడు. గరాటులో జల్లెడ పెట్టి, దాని మీద ఆకూ మట్టీ పోసి, గరాటు చుట్టూ వేడి నీళ్లు ఉంచాడు. మట్టి ఆరుతున్నకొద్దీ అందులోని ప్రాణులు తడి ఉన్న వైపు కిందికి దిగుతూ చివరకు జల్లెడ కన్నాల్లోంచి సీసాలో పడ్డాయి. 1918లో స్వీడన్‌కు చెందిన ఆల్బర్ట్ తుల్‌గ్రెన్ వేడి నీళ్లు తీసేసి పైన విద్యుద్దీపం పెట్టాడు. వేడికి తోడు వెలుగు కూడా వాటిని కిందికి తరిమింది. నూరేళ్లు దాటినా నేటికీ పరిశోధనశాలల్లో వాడేది ఈ గరాటునే. బెర్లీసె ఆలివ్ కాయ ఈగ, మల్బరీ పొలుసు పురుగు వంటి తోట పురుగుల మీద పని చేసినవాడే కావడం గమనించదగ్గ సంగతి. చెట్టు మీది పురుగును చూసే మనిషికి చెట్టు కింద ఏముందోనన్న ధ్యాస కలిగింది. మన దగ్గర ఆ రెండో ధ్యాస తక్కువ.

■ బాక్స్: ఇంట్లో చేసి చూడండి

రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగాన్ని కోసి, మూత తీసి, తలకిందులుగా కింది భాగంలో కూర్చోబెట్టండి. గరాటు తయారైంది. మెడ దగ్గర దోమతెర గుడ్డ ముక్క పరచండి. పాత చెట్టు నీడలో, పైన ఎండుటాకులు తీసేసి, వాటి అడుగున సగం కుళ్లిన ఆకూ నల్లమట్టీ కలిసిన పొరను రెండు పిడికిళ్లు తెచ్చి అదమకుండా వదులుగా వేయండి. ప్రాణాలతో చూడాలంటే కింద తడిపిన కాగితం, దాచుకోవాలంటే కాస్త సర్జికల్ స్పిరిట్ ఉంచండి. పైన జానెడు ఎత్తున పాతకాలపు 40 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలిగించండి. ఎల్‌ఈడీ బల్బు వేడెక్కదు కనుక పనికిరాదు. స్పిరిట్ అంటుకునే ద్రవం, బల్బు దానికి దగ్గరగా పోకుండా చూసుకోండి. మట్టిని ఒక్కసారిగా మాడ్చితే నల్లులు దిగేలోపే చచ్చిపోతాయి. మెల్లగా ఆరనిస్తే మూడు నాలుగు రోజుల్లో కిందికి చేరతాయి. పది రెట్లు చూపే భూతద్దం చాలు, బడి మైక్రోస్కోపు ఉంటే మరీ మంచిది.

ఎవరెవరు దిగారు?

సీసా అడుగున కనపడేవాటిని నాలుగు తెగలుగా విడదీయవచ్చు. జాతి పేరు తేల్చడం నిపుణుల పని గాని, తెగ తేల్చడానికి నడక చూస్తే చాలు.

ముదురు గోధుమ రంగులో, గుండ్రంగా, గట్టి పెంకుతో మెరుస్తూ తీరిగ్గా నడిచేవి ఒరిబాటిడ్లు. తోట మట్టికి అసలైన కాపులు ఇవే. ఈ తెగలో పదివేలకు పైగా జాతులకు పేర్లున్నాయి. కొన్నింటి పెంకులో కాల్షియం కూడా చేరి ఉంటుంది. ఇందులోనే ఒక కుటుంబం ఉంది, సూదితో కదిపితే చాలు, కాళ్లన్నీ లోపలికి లాక్కుని, తల ముందున్న రేకును మూసేసుకుంటుంది. ఇక ఎటు చూసినా సందు దొరకదు. మైక్రోస్కోపు కింద దీన్ని చూసినవాళ్లు మళ్లీ తెరుచుకునేదాకా కదలకుండా కూర్చోవడం ఖాయం.

లేత గోధుమ రంగులో, ముందు కాళ్లు రెండూ పైకెత్తి తడుముకుంటూ పరుగులు తీసేవి మీసోస్టిగ్మాటా తెగ. వీటిలో ఎక్కువ వేటగాళ్లు. తెల్లగా, మెత్తగా, ఒంటి మీద పొడవాటి వెంట్రుకలతో కనిపించేవి ఆస్టిగ్మాటా. పశువుల ఎరువు వేసిన చోట ఒక్కసారిగా పెరిగిపోతాయి. నాలుగో తెగ ప్రోస్టిగ్మాటాలో అన్ని రకాలూ కలిసి ఉన్నాయి. కంటికి ఆనని నలుసుల నుంచి మన ఆరుద్ర పురుగు దాకా అందులోవే.

ఒరిబాటిడ్ల సంసారం విచిత్రంగా ఉంటుంది. చాలా జాతుల్లో ఆడా మగా కలుసుకోవు. మగది సన్నటి కాడ మీద వీర్యపు బొట్టును నిలిపి తన దారిన పోతుంది, ఆ దారిన వచ్చిన ఆడది దాన్ని తీసుకుంటుంది. పదింట ఒక జాతి దాకా మగ లేకుండానే గడిపేస్తుంది. ఓపియెల్లా నోవా అనే నల్లి ప్రపంచంలో దాదాపు అన్ని చోట్లా దొరుకుతుంది, అంతా ఆడవే. లక్షల ఏళ్లుగా మగ తోడు లేకుండానే ఈ వంశం నడుస్తోందనడానికి దాని జన్యువుల్లోనే ఆనవాళ్లు ఉన్నాయని 2021లో యూరప్ పరిశోధకులు చూపించారు.

ఆకు ఎటు పోయింది?

ఎదిగిన మామిడి చెట్టు ఏటా బోలెడంత ఆకు రాలుస్తుంది. దట్టమైన, తోలు వంటి ఆకు అది, తేలిగ్గా కుళ్లదు. అయినా ఊడ్చకుండా వదిలేసిన తోటలో ఆకు మోకాలి ఎత్తుకు పేరుకుపోదు. కుళ్లబెట్టేది బాక్టీరియా, బూజు అని బడిలో చదువుకున్నాం. నిజమే, రసాయనికంగా ఆకును కరిగించేది అవే. కానీ ఆ ఆకును వాటికి అందుబాటులోకి తెచ్చేది ఎవరు?

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో ఎడ్వర్డ్స్, హీత్ అనే ఇద్దరు 1960ల మొదట్లో ఒక ప్రయోగం చేశారు. ఓక్, బీచ్ చెట్ల ఆకుల్ని గుండ్రటి బిళ్లలుగా కోసి, నైలాన్ సంచుల్లో పెట్టి మట్టిలో పాతారు. సంచుల కన్నాలు వేర్వేరు. పెద్ద కన్నాల సంచిలోకి వానపాము దూరుతుంది. అరమిల్లీమీటరు కన్నాల్లోంచి నల్లులు, స్ప్రింగ్‌టెయిళ్లు అనే చిన్న మట్టి జీవులు పోగలవు. అన్నిటికన్నా సన్నని నేతలోంచి బాక్టీరియా, బూజు తప్ప ఏదీ పోలేదు. నెలల తర్వాత తీసి చూస్తే ఆ చివరి సంచిలో ఆకులు దాదాపు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. జంతువులు చొరబడ్డ సంచుల్లో చిల్లులు పడి, నలిగి, అరిగాయి.

కారణం సులువైనదే. మొద్దును పొయ్యిలో పెడితే అంటుకోదు, పేళ్లుగా చీల్చి పెడితే భగ్గుమంటుంది. సాలీళ్ల వంశంలో దాదాపు అందరూ ఆహారాన్ని ద్రవంగా మార్చి పీల్చేవాళ్లే. ఒరిబాటిడ్లు మాత్రం కొరికి, నమిలి, ముక్కలుగా మింగుతాయి. మింగింది చిన్న చిన్న ఉండలుగా బయటికొస్తుంది. నున్నటి మైనపు పూతతో నీరు అంటనివ్వని ఆకు ఇప్పుడు తడిని పట్టే పొడి అయింది. బూజు పట్టడానికి చోటు ఎన్నో రెట్లు పెరిగింది.

అక్కడితో పని అయిపోదు. నల్లి ఒంటికి అంటుకున్న బూజు బీజాలు దానితోపాటు కొత్త ఆకు మీదికి చేరతాయి. పాతబడ్డ బూజు పోగుల్ని నల్లి మేస్తే కొత్త పోగులు పుట్టుకొస్తాయి. మరీ ఎక్కువ మేస్తే బూజు తగ్గిపోతుందనుకోండి, అది వేరే సంగతి. అన్నిటికన్నా ముఖ్యం నత్రజని. కుళ్లే ఆకులోని నత్రజనిని బూజు, బాక్టీరియా తమ ఒంట్లో దాచుకుంటాయి, వేరుకు వదలవు. వాటిని తిన్న నల్లి తనకు చాలినంత ఉంచుకుని మిగిలింది విసర్జిస్తుంది. అదే మరికొన్ని చేతులు మారి చెట్టు వేరు పీల్చుకునే రూపానికి వస్తుంది.

అలాగని ఘనతంతా నల్లులకే కట్టబెట్టడం సరికాదు. వానపాములున్న తోటలో పెద్ద పని వాటిది. అనంతపురం బత్తాయి తోటల వంటి ఎండ నేలల్లో ఆకునూ పుల్లనూ చెదలే మోసుకుపోతాయి. నల్లులది ఆ తర్వాతి సన్నపని, అది ఏడాది పొడవునా సాగుతుంది.

ఒక్క పిడికిట్లో ఇన్ని రకాలెందుకు?

ఒకే ఆకును తినే ప్రాణులు ఒకే చోట పదుల రకాలుంటే, గట్టిది మిగతావాటిని గెంటేయాలి కదా! 1975లో ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త ఈ ప్రశ్ననే ముందుకు తెచ్చి, మట్టి జంతువుల వైవిధ్యం ఒక చిక్కుముడి అన్నాడు. ముడి కొంత విడింది. అవి ఒకే ఆహారం తినడం లేదు.

దీన్ని కనిపెట్టిన తీరు తెలివైనది. నత్రజనిలో మామూలు రకంతో పాటు కాస్త బరువైన రకం కూడా కొద్దిగా ఉంటుంది. ఒక జీవి మరోదాన్ని తిన్న ప్రతిసారీ, తిన్నదాని ఒంట్లో ఆ బరువు నత్రజని వాటా కొంచెం పెరుగుతుంది. అంటే నల్లి ఒంట్లో ఆ వాటా ఎంతో కొలిస్తే, తిండి వరసలో అది ఎన్నో మెట్టు మీదుందో చెప్పవచ్చు. 2004లో జర్మనీ పరిశోధకులు అడవి నేలల్లోని ఒరిబాటిడ్లను ఇలా కొలిచారు. అన్నీ ఆకు తినేవే అనుకున్న తెగలో మూడు నాలుగు మెట్లు బయటపడ్డాయి. కొన్ని ఆకునో చెట్టు బెరడు మీది పాచినో తింటున్నాయి, కొన్ని బూజు, మరికొన్ని నులిపురుగుల్నీ చచ్చిన జంతువుల్నీ తింటున్నాయి.

చోటు కూడా ఒకటి కాదు. నల్లి మట్టిని తవ్వలేదు, ఉన్న సందుల్లోనే తిరగాలి. పైపొర ఆకుల మధ్య పెద్ద సందులు, కిందికి పోయేకొద్దీ సన్నవి. పెద్ద ఒంటివి పైన, సన్నగా తెల్లగా ఉండేవి కింద. ట్రాక్టరు చక్రం కింద నేల అణిగితే ముందు మూసుకుపోయేది పెద్ద సందులే.

నేలలో వేటగాళ్లు, కొమ్మ మీద లాభం

పండ్ల తోటలో చాలా పురుగులు బతుకులో కొంత భాగం మట్టిలో గడుపుతాయి. మామిడి పండు ఈగ పురుగు పండులోంచి నేల మీదికి దూకి మట్టిలో ప్యూపాగా మారుతుంది. తామర పురుగుల్లో చాలా రకాలు అంతే, రాలుటాకులోనో పైమట్టిలోనో నిద్రావస్థ గడిపి రెక్కలతో లేస్తాయి. ఈగ ప్యూపాది గట్టి పెంకు, నల్లికి లొంగదు. దాన్ని చీమలు, పెంకు పురుగులు చూసుకోవాలి. తామర పురుగు మాత్రం ఆ దశలో కదలలేని మెత్తటి ముద్ద. మీసోస్టిగ్మాటా వేటగాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

దీనికి మంచి ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి నారింజ తోటల్లో కెల్లీ తామర పురుగు కాయ తొడిమ చుట్టూ గీరి వలయంలా మచ్చ పెడుతుంది. కాయ రుచి మారదు గాని ఎగుమతికి పనికిరాదు. ఈ పురుగు మట్టిలోనే ప్యూపా దశ గడుపుతుంది. మట్టిలో వేట నల్లులు ఎక్కువగా ఉన్న తోటల్లో అక్కడినుంచి లేచే తామర పురుగులు తగ్గాయని, చెట్ల కింద కంపోస్టు పరిస్తే ఆ నల్లులు పెరుగుతాయని పరిశోధకులు గమనించారు. గాజు ఇళ్ల సాగు చేసే దేశాల్లో స్ట్రాటియోలేలాప్స్ అనే వేట నల్లిని డబ్బాల్లో అమ్ముతారు, కొని మట్టిలో చల్లుతారు. మన పాత తోటల్లో ఆ వంశస్థులు ఊరికే ఉంటాయి.

మాక్రోకెలిస్ అనే ఇంకో వేట నల్లి మన పశువుల పేడలో ఉంటుంది. నడిచి ఊళ్లు దాటలేదు కనుక పేడపురుగు ఒంటికెక్కి కొత్త పేడ దగ్గర దిగుతుంది. దిగి ఈగ గుడ్లు తింటుంది.

■ బాక్స్: గొర్రెల మంద, బద్దెపురుగు

మట్టి నల్లులన్నీ మేలే చేస్తాయని అనుకోవద్దు. గొర్రె పిల్లల పేగుల్లో మూరల కొద్దీ పెరిగే మోనీజియా బద్దెపురుగుకు ఒరిబాటిడ్ నల్లే మజిలీ అని 1937లో అమెరికా శాస్త్రవేత్త హొరేస్ స్టంకార్డ్ కనిపెట్టాడు. పెంటికలతో పడ్డ బద్దెపురుగు గుడ్లను నల్లి తింటుంది. అవి దాని ఒంట్లో కొన్ని నెలలు ఎదుగుతాయి. మంచు తడికి గడ్డి పోచల మీదికెక్కిన నల్లిని గడ్డితోపాటు గొర్రె మింగుతుంది. తోటలో ఎరువు కోసం మంద పెట్టించడం మంచి పద్ధతే. పెట్టించే ముందు జీవాలకు పశువైద్యుడి సలహాతో నట్టల మందు తాగించండి. తెల్లవారుజామున కాకుండా మంచు ఆరాక మేతకు వదలండి.

తోటను చేనులా చూస్తే

ఒరిబాటిడ్‌కు తొందర లేదు. కొద్ది గుడ్లే పెడుతుంది. చలి దేశాల్లో ఏడాదికి ఒక తరం, మహా అయితే రెండు. నడిచేది రోజుకు సెంటీమీటర్ల లెక్క. ఇలాంటి ప్రాణికి ఏటా రెండుసార్లు నాగలి పడే చేను కాపురానికి పనికిరాదు. అక్కడ నెగ్గేవి పది పదిహేను రోజుల్లో గుడ్డు నుంచి పెద్దయ్యే ఆస్టిగ్మాటా నల్లుల వంటివి. పండ్ల తోట సంగతి వేరు. చెట్టు నలభై, యాభై ఏళ్లు ఒకే చోట నిలబడుతుంది, నీడ ఉంటుంది, ఆకు రాలుతుంది. నూజివీడు, జగిత్యాల వైపు పాత మామిడి తోటలు నెమ్మదిగా బతికే ఈ నల్లులకు మన సాగు భూముల్లో మిగిలిన ఆశ్రయాల్లో ఒకటి కావాలి.

చేనుకు చేసేవన్నీ తోటకూ చేసి ఆ అవకాశాన్ని పోగొట్టుకుంటున్నాం. శుభ్రంగా కనపడాలని మొదలు దాకా దున్నుతాం. ఆకు ఊడ్చి చివర కుప్పపోసి తగలబెడతాం. గడ్డి మందు కొట్టి పాదును నున్నగా చేస్తాం. మే నెల ఎండకు నీడలేని నున్నటి నేల పైపొర 50 డిగ్రీలు దాటుతుంది. కిందికి దిగడానికి సందు లేని నల్లి అక్కడే ఎండిపోతుంది. రంగారెడ్డి జిల్లాలోనో చిత్తూరులోనో మధ్యాహ్నం తోటలో చెప్పు విప్పి, ముందు సాలు మధ్యలో, తర్వాత ఆకు పరచుకున్న నీడలో కాలు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

రాగి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. 1880లలో ఫ్రాన్స్ ద్రాక్ష తోటల్లో పుట్టిన బోర్డో మిశ్రమం బంక తెగులుకూ ఆకుమచ్చకూ ఇప్పటికీ మంచి మందే, సేంద్రియ సాగులోనూ వాడతారు. కానీ అందులోని రాగి కుళ్లదు, ఆవిరి కాదు. ఏళ్ల తరబడి కొడితే పైమట్టిలో పేరుకుంటుంది. నల్లి ఉండేదీ ఆ పైమట్టిలోనే. ప్లాటినోథ్రస్ అనే ఒరిబాటిడ్ మీద నెదర్లాండ్స్ పరిశోధకులు 1991లో జరిపిన పరీక్షల్లో, చావుకు చాలని మోతాదులోనే అది గుడ్లు పెట్టడం తగ్గిపోయింది. అంటే చచ్చిన నల్లులు కనపడవు, నాలుగేళ్ల తర్వాత నల్లులే కనపడవు. రాగి మందు మానమని కాదు, తెగులు కనపడ్డ చెట్టుకు, కావలసిన చోట పూయండి. క్యాలెండరు చూసి తోటంతా తడపొద్దు.

మిగతా జాగ్రత్తలకు పెట్టుబడి అక్కర్లేదు. కొమ్మల నీడ పడే మేర దున్నకం ఆపేయాలి, సాళ్ల మధ్యన దున్నితే ఇబ్బంది లేదు. పాదులో ఆకును అలాగే ఉంచి, కాండానికి జానెడు దూరం మాత్రం ఖాళీ వదలాలి, లేదంటే మొదలు కుళ్లుతుంది. తెగులు సోకిన ఆకును, పురుగు పడ్డ కాయను మాత్రం ఏరేయాలి, ఇందులో మొహమాటం వద్దు. వానలకు ముందు సాళ్లలో జనుమో పిల్లిపెసరో చల్లితే నేలకు కప్పూ నల్లులకు తిండీ దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగు చేసే రైతులు నవధాన్యాలు చల్లి, ఆచ్ఛాదన పరిచి చేస్తున్నది చాలావరకు ఇదే.

ఇటలీలో 2001లో విటోరియో పరీసి అనే పరిశోధకుడు మట్టికి మార్కులు వేసే పద్ధతి ఒకటి రూపొందించాడు. గరాటులో దిగిన చిన్న జీవుల్ని జాతులుగా కాక రకాలుగా చూసి, మట్టి బతుక్కి ఎంతగా అలవాటు పడ్డాయో దాన్నిబట్టి మార్కు ఇస్తారు. నల్లులుంటే ఆ మట్టికి 20, అంటే ఒక రకానికి ఇచ్చే గరిష్ఠ మార్కు. నిపుణుడు లేకున్నా బడి మైక్రోస్కోపుతో ఇది చేయవచ్చు. మన దగ్గర 2015 నుంచి రైతులకు భూసార కార్డులు ఇస్తున్నారు. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం అంటూ 12 అంశాలు అందులో ఉంటాయి. వాటిలో మట్టి జీవుల లెక్క ఒక్కటీ లేదు. వ్యవసాయ, ఉద్యాన కళాశాలల విద్యార్థులు తమ జిల్లాలో ఒక పాత తోటను, ఒక కొత్త తోటను ఎంచుకుని, వాన తర్వాత ఒకసారి, ఎండల్లో ఒకసారి గరాటు పెట్టి లెక్క రాసిపెడితే ఆ పదమూడో గడి నింపడం మొదలవుతుంది. అందుకు కావలసింది సీసా, దోమతెర గుడ్డ, ఒక ఫిలమెంట్ బల్బు.